ఎవరు నువ్వు, నీకేం కావాలి?

పూనకం వచ్చిన మనిషి చుట్టూ మూగిన జనం మన ఊళ్లలో ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఎవరు నువ్వు? నీకేం కావాలి? నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి అని ఎవరూ అడగరు. పేరు బయటపడేదాకా ఆ రెండు మాటలనే మార్చి మార్చి వేస్తారు. పడమటి ఆఫ్రికాలో, డకార్ నగరం ఉన్న సముద్రపు ఒడ్డున, లెబూ అనే బెస్త జనం ‘ఎన్‌డెప్’ అనే క్రతువులో అడిగేదీ ఇంచుమించు ఇదే. తిండి మాని, మాట మాని ఓ మూల కూర్చుండిపోయిన మనిషిని ‘రబ్’ పట్టిందంటారు. రబ్ అంటే దయ్యం అనుకుంటే పొరపాటు. చాలాసార్లు అది ఆ వంశంతో తాతల నాటినుంచీ పొత్తు ఉన్న శక్తి. తనను మరిచిపోయారని అలిగి ఒంటి మీదికి వచ్చింది. ఒక్కో రబ్‌కు ఒక్కో పాట, ఒక్కో దరువు. డప్పులవాళ్లు వాటిని వరసగా వాయించుకుంటూ పోతారు. తనది వచ్చినప్పుడు రోగి ఒళ్లు లేస్తుంది, ఆడుతుంది, ఆడి ఆడి కూలుతుంది. బలికి తెచ్చిన పశువు పక్కనే రోగిని పడుకోబెట్టి గుడ్డలు కప్పుతారు. చివరికి ఇంటి ఆవరణలో కుండలూ చెట్ల వేళ్లూ పాతి ఆ రబ్‌కు గద్దె కడతారు. ఈ తతంగంలో నన్ను ఆపేది ఆ చివరి పనే. వచ్చినదాన్ని వాళ్లు వెళ్లగొట్టరు. కూర్చోబెడతారు.

1950ల చివర్లో డకార్‌లోని ఫాన్ ఆసుపత్రికి వచ్చిన ఫ్రెంచి మానసిక వైద్యుడు ఆన్రీ కొలొంబ్ దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. సంప్రదాయ వైద్యుల దగ్గరికి తానే వెళ్లాడు, వాళ్లతో కలిసి పనిచేశాడు. రోగిని ఒంటరిగా గదిలో పడేయకుండా ఇంటి మనిషి ఒకరు తోడుండే పద్ధతి ఆ ఆసుపత్రిలో మొదలైంది కూడా ఆ కాలంలోనే. అందరికీ అంత ఓపిక లేదు. మలావీ ఉత్తర భాగంలో తుంబుకా ప్రజలు ఆడే ‘విమ్బుజా’ అనే స్వస్థత నాట్యాన్ని క్రైస్తవ మిషనరీలు అణచివేయాలని చూశారు. అదే నాట్యం 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మధ్య, దక్షిణ ఆఫ్రికాల్లోని ఎన్నో బంటూ భాషల్లో ‘ఎన్‌గోమా’ అనే ఒక్క మాట డప్పునూ ఆటనూ పాటనూ కలిపి చెబుతుంది, కొన్నిచోట్ల ఆ ఆటపాటలతో చేసే వైద్యాన్ని కూడా. దక్షిణాఫ్రికాలో పూర్వీకుల పిలుపు అందుకుని వైద్యం చేసే ‘సాంగోమా’ పేరు కూడా ఆ మాటకు చుట్టమే.

ఇదంతా ముందుగా చెప్పడానికి కారణం ఉంది. గత ముప్ఫై ఏళ్లుగా ఆఫ్రికా నాట్యకారులు ప్రపంచ రంగస్థలాల మీద ఒంటరిగా నిలబడి ఆడుతున్న సమకాలీన నృత్యాల కరపత్రాల్లో మూడు మాటలు తరచూ కనిపిస్తాయి: అస్తిత్వం, పూర్వీకులు, స్వస్థత. శుభలేఖ మీద పసుపు బొట్టులాగా అవి లేకపోతే ఏదో లోటు. చూసి వచ్చినవాళ్ల మెప్పు కూడా ఒకే తీరుగా ఉంటుంది: ‘మూలాల్లోకి తిరిగి వెళ్లారు’. ఈ మెప్పు తప్పని నా అభిప్రాయం. బలమైన సోలోల్లో జరిగేది తిరిగి వెళ్లడం కాదు, తగవు. పెద్దలను కొలవడం వేరు, పెద్దలను పట్టుకుని నిలదీయడం వేరు. పెద్దల అమావాస్యనాడు మనం బియ్యమూ కూరగాయలూ ఇచ్చి దండం పెట్టుకుంటాం. వాళ్లు మనకు పడ్డ బాకీ ఏమిటని అడగం. ఈ నాట్యకారులు అడుగుతారు. ఎన్‌డెప్ నుంచి వీళ్లకు సంక్రమించింది అడుగులో దరువులో కాదు, ఆ రెండు ప్రశ్నలు. స్వస్థత అనేది ఎంతోకొంత ఉంటే ఆ అడగడంలోనే ఉంది.

జెర్మేన్ అకోనీని చూడండి. 1944లో బెనిన్‌లో పుట్టారు, సెనెగల్‌లో పెరిగారు. నాయనమ్మ అలూఫో యొరూబా పూజారిణి. ఆ పూజారిణి కొడుకు, అంటే జెర్మేన్ తండ్రి, క్రైస్తవంలోకి మారి ఫ్రెంచి వలస ప్రభుత్వంలో అధికారి అయ్యారు. ఒకే వంశంలో మూడు తరాలు, మూడు దిక్కులు. నాటి సెనెగల్ అధ్యక్షుడు సెంగోర్, నృత్యదర్శకుడు మొరిస్ బెజార్ కలిసి డకార్‌లో పెట్టిన ‘ముద్రా ఆఫ్రిక్’ పాఠశాలను, పారిస్‌లో నాట్యం చదువుకుని వచ్చిన జెర్మేన్ 1977 నుంచి 1982 దాకా నడిపారు. (ఆ ‘ముద్ర’ మన ముద్రే. బెజార్ బ్రస్సెల్స్‌లో పెట్టిన బడికి సంస్కృతం నుంచి ఏరుకున్న పేరు డకార్ దాకా ప్రయాణించింది.) ఆమె రూపొందించిన పద్ధతిలో అన్నిటికీ ఆధారం వెన్నెముక. రొమ్ము సూర్యుడు, పిరుదులు చంద్రుడు, పొత్తికడుపు కింది భాగం నక్షత్రాలు. ఒక భంగిమకు బూరుగు చెట్టు పేరు. పాదాలు నేలలోకి వేళ్లలా దిగుతుంటే వెన్ను మాను లాగా నిటారుగా లేస్తుంది. డకార్‌కు దక్షిణాన తూబాబ్ దియలావ్ అనే బెస్త పల్లెలో ఆమె భర్తతో కలిసి స్థాపించిన బడి పేరు ‘ఎకోల్ దె సాబ్ల్’. ఇసుక బడి అన్నమాట. పేరుకు తగ్గట్టే అక్కడ ఇసుక పరిచిన నేల మీద సాధన చేస్తారు. ఇసుకలో అడుగు వేసినవాడికి తెలుస్తుంది, అది పట్టు ఇవ్వదు, జారిపోతుంది. ప్రతి గెంతుకూ పిక్క రెట్టింపు కష్టపడాలి.

ఇంతటి మనిషి 71వ ఏట, 2015లో, దర్శకుడు మికాయెల్ సేర్‌తో కలిసి ఒక సోలో చేశారు. ‘ఆరంభంలో ఎక్కడో ఒకచోట’ అని దాని పేరును తెలుగు చేసుకోవచ్చు. పూర్వీకులను స్తుతించడమే ఉద్దేశమైతే దారి సులువు. నాయనమ్మ వేషం కట్టి, మంత్రాలు చదివి, తెల్లబట్టల్లో తేలిపోతే సరి, చప్పట్లు మోగుతాయి. ఆమె అలా చేయలేదు. వేదిక మీద తండ్రి రాసిన పుస్తకం తెరిచారు. తల్లి నమ్మకాలకు దూరంగా జరిగిన ఆ కొడుకే, తర్వాత కూర్చుని ఆ తల్లి కథ రాశాడు. చిక్కు ఇక్కడే ఉంది. నాయనమ్మ మనదాకా అక్షరాల్లో చేరింది గొలుసు తెంపినవాడి కలం గుండా. సాక్షీ అతనే, ముద్దాయీ అతనే. మనవరాలు ఆ పుటలు చదువుతూ, మధ్యలో ఒళ్లంతా ఆ మాటలకు ఎదురు తిరుగుతూ ఆడతారు. మొగుడి చేతిలో మోసపోయిన గ్రీకు పురాణపు మెడియా కథ కూడా అందులో కలుస్తుంది. అంటే పూర్వీకులంటే రక్తసంబంధం అనే లెక్క కూడా అక్కడ నిలవదు. ‘ఎవరు నువ్వు, నీకేం కావాలి’ అని ఆమె అడుగుతున్నది నాయనమ్మను కాదు, నాన్నను. వెనిస్ నాట్యోత్సవం 2021లో ఆమెకు జీవన సాఫల్యానికి స్వర్ణ సింహం ఇచ్చింది. మంచిదే. నాకు మాత్రం ఆ సింహం కన్నా ఆ పుస్తకం మీద ఆగిన వేలే పెద్ద సంగతి.

గ్రెగరీ మకోమాది ఇంకో తీరు తగవు. ఈ పేరులోని ‘క’ నిజానికి క కాదు. కోసా భాషలో అది నాలుకను అంగిలికి కొట్టి టక్కుమనిపించే చప్పుడు, మన లిపికి అందదు. 1973లో దక్షిణాఫ్రికాలోని సొవెటోలో పుట్టిన ఈయన ఇంటిపేరు సామాన్యమైనది కాదు. 1798లో పుట్టిన కోసా నాయకుడు మకోమా బ్రిటిష్ వాళ్లతో సరిహద్దు యుద్ధాలు చేశాడు. 1829లో క్యాట్ నది లోయనుంచి వాళ్లు తరిమేశారు. తర్వాత కొండల్లో అడవుల్లో నిలబడి పోరాడాడు. చివరికి రాబెన్ దీవి జైల్లో పడేశారు. ఒకసారి వదిలారు, మళ్లీ పట్టుకెళ్లారు. 1873లో అక్కడే చనిపోయాడు. నెల్సన్ మండేలా అదే దీవిలో 18 ఏళ్లు గడపడానికి ఇంకో తొంభై ఏళ్లుంది. 2011లో గ్రెగరీ ‘ఎగ్జిట్/ఎగ్జిస్ట్’ చేశారు. వెళ్లిపోవడం, ఉండటం. ఇంగ్లిషులో ఆ రెండు మాటలకూ మధ్య ఒక్క అక్షరం తేడా. మొదట ఆయన కనిపించేది మెరిసే సూటులో, ప్రేక్షకులకు వీపు పెట్టి. ఇరవయ్యొకటో శతాబ్దపు జొహానెస్‌బర్గ్ షోకు అంతా ఆ బట్టలో ఉంది. భుజాలు మాత్రం ఎవరినో వింటున్నట్టు అదురుతుంటాయి. ఆ తర్వాత ఆవుతోలు ఒంటి మీదికి వస్తుంది. యుద్ధాలు జరిగింది భూమి కోసమే కాదు, పశువుల మందల కోసం కూడా. ఆ తోలు అందుకే బరువైనది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, వినదగినదే. పూర్వీకుడిని వేదిక ఎక్కించడం ప్రమాదం కాదా? వంశగర్వం ఎక్కడికి దారి తీస్తుందో మనకు తెలియనిదా? నిజమే. ఈ మకోమా విషయంలోనే అది జరిగింది కూడా. వర్ణవివక్ష ప్రభుత్వం నిలబెట్టిన సిస్కై అనే ‘స్వదేశ’ రాజ్యానికి పాలకుడైన లెనాక్స్ సెబే, 1978లో ఆ దీవిలో మకోమా ఎముకలు దొరికాయని ప్రకటించి, నౌకలో తెప్పించి, కొండ మీద ఘనంగా మళ్లీ పాతించాడు. సమాధి ఉన్న చోటు చూపింది దివ్యదృష్టి ఉందని పేరుపడ్డ ఒక స్త్రీ. తెల్ల ప్రభుత్వాన్ని ఎదిరించి చచ్చిపోయిన మనిషి ఎముకలు, ఆ తెల్ల ప్రభుత్వపు నీడలో బతికే పాలకుడికి పరపతి తెచ్చే సరుకయ్యాయి. పూర్వీకుడికి నోరు లేదు, ఎవరు మాట్లాడిస్తే ఆ మాటే పలుకుతాడు. అయితే దీనికి విరుగుడు పూర్వీకులను మరిచిపోవడమా? అప్పుడు ఆ ఎముకలు ఎప్పటికీ సెబేల చేతుల్లోనే ఉండిపోతాయి. స్మారక చిహ్నం రాయితో కట్టేది, ఒకసారి చెప్పిన మాటే చెబుతుంది. నాట్యం అలా చేయలేదు. అలసిపోయే, చెమట పట్టే, తూలిపోయే ఒంటి మీదికి పూర్వీకుడిని తెచ్చుకున్నవాడు అతణ్ణి కంచు విగ్రహం చేయలేడు. గ్రెగరీ వేదిక మీద నాయకుడి గెలుపే కాదు, ఓడిన మోకాలు కూడా కనిపిస్తుంది.

‘ఆఫ్రికా నాట్యం సామూహికం కదా, ఈ ఒంటరి ఆట ఎక్కడిది, ఐరోపా వాళ్లకు నచ్చేలా కత్తిరించినది కాదా?’ ఇది ఇంకో ఆక్షేపణ, కొంత నిజం ఉన్నదే. డబ్బు సంగతి దాచి లాభం లేదు. ఒక్కడిని రప్పించడానికి ఒక్క టికెట్టు, ఒక్క వీసా చాలు. పదిమందిని, వాళ్ల డప్పులతో సహా, ఎవరు రప్పిస్తారు? 1995లో అంగోలా రాజధాని లువాండాలో మొదలైన ఆఫ్రికా సమకాలీన నృత్య పోటీల వెనక ఉన్నది ఫ్రెంచి ప్రభుత్వ సొమ్మే. సొమ్ము పెట్టినవాడి అభిరుచి ఎంతోకొంత ఆటలోకి ఇంకకుండా ఉండదు. కానీ సామూహికం అన్న మాటను మనం మరీ మొద్దుగా వాడుతున్నాం. సెనెగల్‌లో సబార్ డప్పుల చుట్టూ చేరిన గుంపులోంచి ఒక్కరే ఎగిరి వలయంలోకి దూకుతారు. కాసేపు డప్పువాడితో పోటీపడి ఆడి, నవ్వుతూ వెనక్కి వస్తారు. ఎన్‌డెప్‌లో నడుమ ఉన్నదీ ఒక్క రోగే. ఒంటరి ఆట అక్కడ ఎప్పుడూ ఉంది. మారింది చుట్టూ ఉన్నవాళ్లు. వలయంలో చప్పట్లు కొట్టేవాళ్లు బంధువులు, థియేటరు చీకట్లో కూర్చున్నవాళ్లు అపరిచితులు. ఆ మాటకొస్తే భాగవతుల మేళంగా ఆడిన కూచిపూడి, ఇరవయ్యో శతాబ్దంలో సభల మీద సోలో కచేరీగా మారినప్పుడు అది కూచిపూడి కాదని ఎందరు అన్నారు? గ్రెగరీ సోలోలో కూడా ఆయన వెనక నలుగురు గాయకులు నిలబడి పాడుతుంటారు, ఒకరు గిటార్ వాయిస్తారు. పెద్దాయన ఒంటరిగా జైల్లో పోయాడు. మనవడు ఆడేచోట గొంతులు తోడున్నాయి.

పూర్వీకులంటే రక్తమే కాదని ముందే అన్నాను. దీన్ని అందరికన్నా మొండిగా చూపినవారు మమేలా న్యామ్జా. కేప్‌టౌన్‌లో నల్లవాళ్ల కోసం వేరుగా కట్టిన గుగులెతు బస్తీలో పెరుగుతూ బ్యాలే నేర్చుకున్నారు. ‘హ్యాచ్డ్’ అనే సోలోలో ఆమె వీపు మీద బట్ట లేదు. కింద తెల్లటి బ్యాలే గౌను, దాని నిండా బట్టలారేసే క్లిప్పులు గుచ్చి ఉంటాయి. కాళ్లకు బ్యాలే బూట్లు, మునివేళ్ల మీద నిలబడి ఉన్నారు. కదిలినప్పుడల్లా క్లిప్పులు ఒకదానికొకటి తగిలి కటకటమంటాయి. ఉతికిన బట్టలు దండెం మీద ఆరేస్తారు. కొడుకు అదే వేదిక మీద ఓ పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటూ ఉంటాడు. ఎర్రమట్టీ పూసలూ ఏనుగు దంతాలూ చూడటానికి టికెట్టు కొన్నవాళ్లకు ఇది ‘ఆఫ్రికా’ అనిపించకపోవచ్చు. మన దండెం మీదా ఉండే ఆ చవక క్లిప్పులు ఏ దేశపు సంప్రదాయం? కానీ ఆ మనిషి ఒంటిని తీర్చిదిద్దినవాళ్లలో కోసా అమ్మమ్మలు ఎంతో, మునివేళ్ల మీద నిలబడమని చిన్నప్పుడు నేర్పిన ఐరోపా కళ కూడా అంత. ఆ ‘పెద్ద’ను కూడా పిలిచి నీకేం కావాలని అడగవలసిందే. ఈ సోలోను నేను ఎన్‌డెప్ కుటుంబంలోనే చేరుస్తాను, డప్పు ఒక్కటి కూడా లేకపోయినా.

మూడో ఆక్షేపణ ఇంకా పదునైనది. నల్లని ఒంటిని నడుమ నిలబెట్టి తెల్లవాళ్లు చుట్టూ కూర్చుని చూడటం కొత్తదా? 1810లో దక్షిణాఫ్రికా నుంచి లండన్ తీసుకెళ్లిన కోయి స్త్రీ సారా బార్ట్‌మన్‌ను డబ్బు తీసుకుని జనానికి చూపించారు. 1815లో పారిస్‌లో చనిపోయాక శాస్త్రజ్ఞుడు క్యువియే ఆమె దేహాన్ని కోశాడు. ఆమె అవశేషాలు 1970ల దాకా అక్కడి మ్యూజియంలో ప్రదర్శనలో ఉన్నాయి. 2002లో గానీ సొంత గడ్డకు చేరి మట్టిలో కలవలేదు. నేటి సోలో ఆ బోనుకు మర్యాద ముసుగేనా? ఈ ప్రశ్నకు నేను చెప్పగల జవాబు కన్నా దక్షిణాఫ్రికా నాట్యకారిణి నెలిసివే కాబా చేసిన పని మెరుగైనది. ఆమె సారా మీద రెండు నాట్యాలు చేశారు. ఒకదాని పేరునే ‘వాళ్లు నన్ను చూస్తారు, అంతకుమించి వాళ్లు ఆలోచించేది లేదు’ అని పెట్టుకున్నారు. అందులో విస్తారమైన తెల్ల గౌను ఒకటి ఉంటుంది. జనం ఏది చూడాలని వచ్చారో దాన్ని ఆ గౌను చూడనివ్వదు. సారాను పవిత్ర మాతను చేసి ఏడిపించడం కూడా ఆమె పని కాదు. వెటకారం ఉంది, కొంటెతనం ఉంది. చూపుకు లొంగిపోవడం, చూపును తిప్పికొట్టడం రెండూ ఒకే వేదిక మీద జరుగుతాయని ఒప్పుకోవాలి. ఏది జరిగిందో ఒక్కో ప్రదర్శనలో విడిగా తేల్చుకోవలసిందే. సువాసన పొగలు, నెమ్మది నడక, కళ్లు మూసుకున్న పరవశం, వీటితోనే నెట్టుకొచ్చే సోలోలు కూడా చాలానే ఉన్నాయి. వాటిలో తగవు లేదు, పర్యాటక శాఖ బొమ్మల్లో ఉండే భక్తి ఉంది.

ఇక స్వస్థత. టికెట్టు కొని చూసే గంటన్నర ఆటతో ఎవరికి ఏ జబ్బు నయమవుతుంది? కుంగుబాటుకు నాట్య చికిత్స ఏ మేరకు పనిచేస్తుందో తేల్చడానికి కోక్రేన్ సంస్థ 2015లో వేసిన సమీక్షకు పనికొచ్చినవి 3 అధ్యయనాలు, వాటిలో పాల్గొన్నవాళ్లు మొత్తం 147 మంది. ఔనో కాదో ఏదీ గట్టిగా చెప్పలేమని తేల్చారు. అది నిజాయితీ, నాకు దానితో పేచీ లేదు. మందు మానేసి నాట్యం చూడమనేవాడు మోసగాడు. కానీ ఎన్‌డెప్‌లో నయమవడం అంటే జబ్బు లేకుండా పోవడం కాదని మొదట్లోనే చూశాం. వచ్చినదాన్ని గుర్తుపట్టి, పేరు పెట్టి, కూర్చోవడానికి చోటివ్వడం. సాంగోమాల ఇంట పుట్టిన నాట్యకారుడు విన్సెంట్ మంట్సోయే సొవెటోలో ఆ డప్పుల మోత మధ్యే పెరిగాడు. వేదిక మీద తాను వాడుతున్న కదలికలు పూర్వీకుల దగ్గర అరువు తెచ్చుకున్నవని, అందుకు వాళ్ల అనుమతి కావాలని ఆయన అంటాడు. అరువు అన్న మాటలోనే తేడా అంతా ఉంది. అరువు తెచ్చినది క్రతువు అయిపోదు. తెచ్చినవాడికి తిరిగివ్వాల్సిన పూచీ కూడా ఉంటుంది.

పేరు తెలిసిన పూర్వీకుడున్నవాళ్ల సంగతి సరే, పేరే మిగలనివాళ్లు ఎవరిని పిలుస్తారు? హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని పేట ఉంది. ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపుదళం. ఆఫ్రికానుంచి వచ్చి ఆ దళంలో పనిచేసిన సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఏ ఊరినుంచి, ఏ ఓడలో వచ్చిన ఏ తాత అని అడిగితే చూపించడానికి చాలా కుటుంబాల దగ్గర కాగితం లేదు. పెళ్లి బరాతుల్లో మోగే మర్ఫా దరువు ఉంది. యెమెన్ అరబ్బులతో వచ్చి, సిద్దీల చేతుల్లో ఆడి, పాతబస్తీ సొత్తయిన దరువు అది. ఎన్‌డెప్ డప్పులవాళ్లు చేసేది గుర్తుందిగా, పేరు తెలియనప్పుడు దరువులు ఒకదాని తర్వాత ఒకటి వాయించి చూడటం, ఎక్కడ ఒళ్లు లేస్తుందో కనిపెట్టడం. రికార్డు రాసినవాడు ఓడ యజమానో కోట అధికారో అయినచోట, వెతకడానికి మిగిలిన దస్తావేజు ఒళ్లే. సోలో ఆడేవాళ్లు పూర్వీకుల కోసం గ్రంథాలయానికి కాకుండా వేదిక మీదికి వెళ్లడం చాదస్తం కాదు, గత్యంతరం లేకపోవడం.

ఎన్‌డెప్ ముగిసినంత మాత్రాన పని తీరిపోదు. గద్దెకు పాలు పోస్తూ ఉండాలి, పిండి పెడుతూ ఉండాలి. మానేస్తే రబ్ మళ్లీ అలుగుతుంది. బహుశా అందుకే కాబోలు డెబ్బై దాటాక కూడా అకోనీ ఆ సోలోను ఊరూరా తిప్పారు. ప్రతి ఊళ్లోనూ దీపాలు ఆరుతాయి, ఆమె తన తండ్రి పుస్తకం తెరుస్తారు, నిన్న చదివిన వాక్యాలే ఇవాళా చదువుతారు. ఆ వాక్యాలు మారవు. చదివేటప్పుడు వెన్ను వంగే తీరు మాత్రం ఏ రాత్రికారాత్రి కొద్దికొద్దిగా మారుతుంది.